ఆగింది అన్న మాట

మర మీది ఆ తెర సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు నా మాట విను అమ్మాయ్. మొన్న ఈ మరలో సిద్దికా వేళ్లు నలిగిపోతే, ‘తొందరపడి చెయ్యి పెట్టింది’ అని తప్పు ఆ పిల్ల మీదే రాస్తావా? ఎంత తేలికమ్మా మీకు!

ఏంటలా చూస్తావ్? ఆ తెరకీ మోటారుకీ ముడి వేసింది నువ్వే కదా?

ఇది కారం మర. పాత మరకి మాకో పద్ధతుండేది. తొడిమలు ఇరుక్కుంటే మోటారు ఆపి, బెల్టు తప్పించి నేల మీద పడేసేవాళ్లం. బెల్టు నేల మీదుంటేనే చెయ్యి లోపలికి. చదువుతో పనేముంది, కళ్లుంటే చాలు. మీ కొత్త మరకి బెల్టే కనపడదే! అంతా రేకు పెట్టె. దాని మీద అద్దం, అద్దంలో అక్షరాలు.

ఆ అక్షరాలు తెలుగులో ఉండాలని పట్టుబట్టిందెవరు? నేనే. షావుకారు చలమయ్య గారు ఇంగ్లీషు చాలన్నాడు. నేను వినలా. ముసలితనంలో రాత్రిబడికెళ్లి నేర్చుకున్న చదువు, వాడుకోవద్దూ?

ఇందాక నువ్వు చెప్పింది అర్థమైందిలే. ‘ఆపు’ అని నొక్కగానే తెర మీద ‘ఆగింది’ అని పడుద్ది. ఆ కబురు మోటారుకి చేరిందా, అది నిజంగా ఆగిందా అని తెర అడగదు. అంతేగా? ఓహో! వాకిట్లోంచి ‘పొయ్యి ఆర్పమ్మా’ అని కేకేస్తే ఆరిపోయినట్టేనా? ‘ఆర్పాను మావయ్యా’ అని లోపల్నుంచి మా కోడలు అనొద్దూ?

సరిచేస్తావా? చెయ్యి, చెయ్యి. దాని వేళ్లు కూడా సరిచేస్తావా?

చలమయ్య గారేమో, తెర మీద ‘ఆగింది’ అని పడకముందే చెయ్యి పెట్టిందంటాడు. ఆయన చూశాడా? ఆ పూట పర్చూరులో ఉన్నాడు! సిద్దికాకి చదవడం రాదు, తెర మీద ఏముందో చెప్పలేకపోయింది. భలే దొరికింది మీకు! తప్పు దానిదే అయితే ఇక వైద్యం ఎవరు చేయిస్తారు, పనెవరిస్తారు?

పైగా నువ్వు నెమ్మదిగా, ‘తాతగారూ, మీరు తెర గమనించలేదని చెప్పండి, చాలు’ అంటావ్. చాలా? ఎవరికి చాలు?

అసలు చెయ్యి పెట్టనంది ఆ పిల్ల. తెలుసా నీకు? పక్క మరల చప్పుడులో ఏదీ వినపడి చావదు. రేకు మీద అరచెయ్యి ఆనించి, ‘లోపల ఇంకా అదురుతుంది తాతా’ అంది.

నేను నవ్వాను. ‘ఒసే మొద్దూ, అక్షరం అబద్ధమాడుద్దా? చదువు నాకొచ్చా, నీకొచ్చా?’ అన్నాను. అందరి ముందూ.

కలం తియ్యి. రాసుకో. తెర మీద ‘ఆగింది’ అనే ఉంది. పైకి చదివింది ఈ వెంకయ్య. చెయ్యి పెట్టవే అన్నదీ ఈ వెంకయ్యే.

ఆ సిరా దిండు ఎందుకు తీస్తున్నావ్? వేలిముద్ర వద్దు. నాకు సంతకం వచ్చు.