కంచె పక్క రాయి

నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల మధ్యనున్న పాత శ్మశానంలో గడ్డికోత బండి ఆపి ఆర్డిస్ నీళ్ళు తాగుతోంది. ఆమె మేనకోడలు జోలీన్ వచ్చి అప్పటికే పావుగంటైంది.

"అయితే నిజంగానే తాళాలు ఇచ్చేస్తావా అత్తా?"

"ఇచ్చేస్తా. సాయంత్రం శ్మశానం కమిటీ వాళ్ళొస్తారు. బండిదీ, షెడ్డుదీ, రెండూ ఇచ్చేస్తా. నలభై ఏళ్ళు కోశాను, చాల్లే."

"ఆ ఒక్క రాయి కోసమా?"

"ఒక్క రాయి అంటావేంటే! రైమర్ల ఇంటి పసివాడి సమాధి రాయి. కంచె పక్కన ఉండేది, గుమ్మడికాయంత. ఇప్పుడు లేదు. నేనే బండితో ఎటో తోసేసి ఉంటా. గుర్తు లేదు. ఆ గుర్తు లేకపోవడమే నన్ను తినేస్తోంది."

"నువ్వు తోసి ఉండవు."

"నీకేం తెలుసు? మొన్న కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టాను. మావాడు డాక్టర్ దగ్గరికి పద పద అంటున్నాడు."

"అత్తా, నువ్వు కాదు."

"సోమవారం మెమోరియల్ డే, సమాధులకి పూలు పెట్టే రోజు. వాడి అక్క ఓపల్ వస్తుంది. తొంభై నాలుగేళ్ళ మనిషి. ఏటా వచ్చి తమ్ముడికి పూలు పెట్టి వెళ్తుంది. ఏం చూపించను? గడ్డి చూపించనా?"

"నేనే అత్తా."

"ఏం నువ్వే?"

"ఆ రాయి కింద... నేనొక డబ్బా దాచాను. చెప్పానుగా నీకు, ఆ ఆట. జియోక్యాషింగ్."

"ఫోన్లో చోటు చెప్పే అంకెలు చూసుకుంటూ పొదలెంట తిరిగేదేనా? మనవరాలు పుట్టింది, ఇంకా దాగుడుమూతలా!"

"అదే. ఇక్కడికి ఎవరూ రావట్లేదు కదా, డబ్బా కోసమైనా వస్తే ఈ పాత పేర్లు చదువుతారు కదా అని... వచ్చినవాళ్ళు డబ్బా తీసి, అందులోని పుస్తకంలో సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్తారు."

"రాయి కింద."

"ఉత్తి రాయనుకున్నా. పొలం దున్నుతుంటే తేలినవి కంచె పక్కన పడేస్తారుగా, అలాంటిదనుకున్నా. పేరు లేదు, తేదీ లేదు..."

"వానల్లేక పొలాలన్నీ దుమ్మై లేచిపోయిన ఆ ఏళ్ళలో పేరు చెక్కించే స్తోమత ఎవరికుంది? వాళ్ళ నాన్న పొలంలోంచి రాయి మోసుకొచ్చి పెట్టాడు. ఈ ఊళ్ళో పుట్టినదానివి, ఆ మాత్రం తెలీదూ?"

"తెలియాల్సింది."

"ఎంతమంది ఎత్తారు దాన్ని?"

"అత్తా..."

"ఎంతమంది?"

"నలభై ఒక్కరు. ఆఖరున వచ్చినవాళ్ళు ఎక్కడ పడేశారో! మూడుసార్లు వెతికాను, దొరకలేదు. డబ్బా తీసేశాను."

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

"ఏప్రిల్లో! నెల్లాళ్ళుగా నా బుర్ర పోయిందని నేను ఏడుస్తుంటే, నువ్వు నా వంటింట్లో కూర్చుని కాఫీ తాగావు."

"తాగాను."

"పైగా ఓదార్చావు. వయసొచ్చాక మామూలే అత్తా, అన్నావు."

"అన్నాను. ఆ మాట అన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించట్లేదు. సాయంత్రం కమిటీకి నేనే చెప్తాను. ఓపల్‌కీ నేనే చెప్తాను. నువ్వు మాత్రం తాళాలు ఇవ్వకు. చోటెక్కడికీ పోలేదు అత్తా, అంకెలు ఫోన్లో ఉన్నాయి. కాస్త అటూ ఇటూగా రాయి ఉన్నచోటికే తీసుకెళ్తాయి. ఇంకో రాయి పెట్టిద్దాం, ఈసారి పేరుతో. పద, చూపిస్తా."

"అక్కర్లేదు."

"నీకు కోపం రావడం న్యాయమే, కానీ..."

"కోపం కాదే. కూర్చో. కూర్చోమన్నానా!"

"ఏంటత్తా?"

"ఆ అంకెలు నాకొద్దు. అవి కంచె దగ్గరికే తీసుకెళ్తాయి."

"రాయి ఉన్నది అక్కడేగా?"

"నేను కోత మొదలుపెట్టిన ఏడు అది మధ్యలో ఎక్కడో ఉండేది. బ్లేడుకి తగులుతోందని, నేనూ ఉత్తి రాయే అనుకుని, ఎత్తి కంచె పక్కన పడేశాను. ఆ మరుసటేడు ఓపల్ కాలిఫోర్నియా నుంచి తిరిగొచ్చింది. ఆరేళ్ళప్పుడు చూసిన చోటు, ఏం గుర్తుంటుంది? రాయి కనపడ్డ చోటే మోకాళ్ళ మీద కూలబడి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. అది నేను జరిపిన రాయని చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు."