చుక్క ఉన్న డబ్బా

పిల్లల ఆసుపత్రి. వార్డు బయట వరండాలో పొడవాటి బల్ల. దాని దగ్గర ఇద్దరు: వీధంతా మామ్మ అని పిలిచే ముసలామె, ఆమెని పిన్నీ అని పిలిచే, లోపల పడుకున్న పసివాడి నాయనమ్మ.

"మాట మార్చకు పిన్నీ. నేనడిగేది ఒక్కటే. ఈ పాలడబ్బా అడుగున ఉన్న ఎర్రచుక్క నువ్వు పెట్టిందేనా, కాదా?"

"ముందు కూర్చోవే తల్లీ. పొద్దుటినుంచీ ఆ గోడకే ఆనుకుని నిలబడ్డావు, కాళ్ళు పడిపోతాయి. బాబుకి మళ్ళీ వాంతి అయిందా?"

"అవడానికి లోపలేముందని? నిన్నటినుంచీ ఉత్త నీళ్ళే. కళ్ళు గుంటలు పడిపోయాయి. చేతికి నరం దొరకలేదని తలకి గుచ్చారు సూది. తలకి పిన్నీ! నాలుగు నెలల పిల్లాడి తలకి!"

"అయ్యో, నా చిట్టితండ్రీ. ఏం కాదులే. పసిప్రాణం గట్టిది. నీ కొడుకు చిన్నప్పుడు బొత్తం మింగలేదూ? నీలం బొత్తం. వాడి మేనమామ చొక్కాది. నువ్వు తల బాదుకుంటూ నా గుమ్మంలో పడ్డావు, ఒక్క కాలికే చెప్పుంది. వాడేమో నీ చంకలో కూర్చుని ఇకిలిస్తున్నాడు. మర్నాటికి బొత్తం దానంతటదే వచ్చింది. నువ్వు దాన్ని కడిగి..."

"పిన్నీ!"

"...కడిగి మళ్ళీ అదే చొక్కాకి కుట్టావు. సరే, సరే. అననులే."

"నాకిప్పుడు బొత్తాలు కాదు కావలసింది. చుక్క సంగతి చెప్పు."

"చెప్తానే. ఎక్కడికి పోతాను, ఈ మోకాళ్ళతో?"

"ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడే, ఆ నవ్వులాయన కొట్టుకి మనం అసలు వెళ్ళేవాళ్ళమా? అద్దాల తలుపులు, ఫారిన్ సరుకు, మనకెందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్ళం. నువ్వు కాదూ ఇంటింటికీ తిరిగి చెప్పింది? 'నేను వెనక గదిలో పనిచేస్తున్నా, వాడు డేటు అయిపోయిన సరుక్కి కొత్త డేటు వేయిస్తాడు, అయినా మంచివీ ఉంటాయి. డేటు నిజంగా మిగిలున్న వాటికి అడుగున ఆవగింజంత ఎర్రచుక్క పెడతాను. అవి చూసుకుని తీసుకోండి, మిగతావి ముట్టుకోకండి.' అన్నావా, లేదా?"

"అన్నాను."

"మా ఇంటికొచ్చి రెండుసార్లు అన్నావు."

"మీ ఇంట్లో టీ బాగుంటుందని రెండోసారి వచ్చా."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాట కాదమ్మా. భయమేస్తే నా నోరు ఊరుకోదు, నీకు తెలియంది కాదు. మా ఆయన్ని ఇదే ఆసుపత్రికి తెచ్చిన రోజున కూడా దారి పొడుగునా రిక్షావాడితో వాడి పెళ్ళి సంగతులు మాట్లాడాను. పక్కన ఆయన ఊపిరి ఆగుతోంది, నేనేమో పెళ్ళికూతురు తెలుపా, నలుపా అని అడుగుతున్నా. ఆ వెనక గదిలోనూ అంతే. పొద్దస్తమానం దూదీ, థిన్నరూ. పాత డేటు తుడిచెయ్యడం, ఆరబెట్టడం, కొత్త డేటు గుద్దడం. ఆ వాసనకి తలనొప్పి. ఎన్ని దేశాలు తిరిగొచ్చిన డబ్బాలో! నేను ఈ ఊరు దాటింది లేదు, అవేమో ఓడలెక్కి సముద్రాలు చూసి వచ్చి నా ఒళ్ళో పడేవి. పాతబడి చాక్లెట్లు తెల్లటి బూడిద పట్టాయనుకో, నవ్వులాయన ఏమనేవాడో తెలుసా? 'ఇది తెల్ల చాక్లెట్ అండీ, కొత్త రకం' అని పెద్ద పెద్దవాళ్ళకి అంటగట్టేవాడు. వాళ్ళు తల ఊపి మరీ కొనుక్కునేవాళ్ళు."

"ఇదుగో, చూడు. ఇది కూడా నీ ఒళ్ళో పడిన డబ్బాయే. మూత తీసిచూడు. పొడి గడ్డలు కట్టి, పచ్చగా, మురిగిన నూనె వాసన. డాక్టరు చెంచాతో గీకి చూపించాడు నాకు. అడుగున చుక్క! నీ చుక్క చూసే కదా కోడలు పాలు కలిపింది? ఆ చుక్క చూసే కదా నేను నా చేత్తో సీసా నోట్లో పెట్టింది?"

"ఏదీ, ఇటియ్యి. ఊఁ. అవును."

"ఏమవును?"

"నాదే."

"నీదేనా?"

"నా చుక్కే. కళ్ళు మసకలు కదుటే. ఆరు తొమ్మిదిలా కనిపిస్తుంది, తొమ్మిది సున్నాలా కనిపిస్తుంది. చదువు ఉందా నాకు? అంకెలు కూడా ఈ పనిలో పడ్డాకే నేర్చుకున్నా. పొరపాటున మంచిదనుకుని పెట్టేసుంటాను."

"పెట్టేసుంటావా! ఎంత తేలిగ్గా అంటున్నావు! ఆగాగు. ఇది కొన్నది పోయిన వారం. పోయిన వారమంతా నువ్వు మోకాలు వాచి మంచం మీద ఉన్నావుగా? నీకు వేడినీళ్ళ సంచీ తెచ్చిచ్చింది నేను కాదూ?"

"ఇంటికి పంపాడే. అట్టపెట్టెల్లో. పడుకునే డేట్లు గుద్దాను."

"మీ ఇంట్లో నాకు అట్టపెట్టెలేం కనిపించలేదే."

"మంచం కింద ఉన్నాయి. నువ్వు నా మంచం కిందకి తొంగిచూశావా ఏం?"

"అత్తయ్యా..."

"ఏమయ్యింది? బాబు కళ్ళు తెరిచాడా?"

"లేదత్తయ్యా. ఇంకో మందు కావాలన్నారు. ఇదిగో చీటీ. కింద కొట్లోనే ఉంటుందట. ఫుడ్ ఆఫీసు వాళ్ళు కూడా వస్తున్నారట, డబ్బా పారేయకుండా ఉంచమన్నారు."

"పారేస్తానా? వాళ్ళ చేతికే ఇస్తా. నీ మామ్మ ఒప్పుకుంది, విన్నావా? తనే పొరపాటున చుక్క పెట్టిందట!"

"మామ్మ... ఒప్పుకుందా?"

"అదేంటే, మొహం అలా పెట్టావు? నీకు పాలుంటే ఈ డబ్బాల గోల మనకెందుకొచ్చేది? మూడోనెలకే ఎండగట్టుకున్నావు. తల్లి పాలు పడని పిల్లాడు..."

"జ్వరం వచ్చి పోయాయి కదే, పిల్లేం చేస్తుంది? వెళ్ళు, ముందు మందు తీసుకురా. తిట్టడానికి నేనున్నానుగా ఇక్కడ, వచ్చాక తీరిగ్గా తిడుదువుగాని."

"నిన్ను తిట్టడానికి నాకు నోరు కూడా రావట్లేదు పిన్నీ. నా కొడుకు లారీ దిగి వచ్చి అడిగితే ఏం చెప్పను? నీ చేతుల మీద మా వీధి పిల్లలంతా పెరిగారే! సరే, వస్తా. డబ్బా నాతోనే పట్టుకుపోతా."

"మెట్లు చూసుకుని దిగవే... వెళ్ళింది మీ అత్త. రా పిల్లా, కూర్చో. ఒక్క నిమిషం కూర్చో. వాడి దగ్గర నర్సమ్మ ఉందిలే. ఏమైనా తిన్నావా?"

"మామ్మా, నువ్వెందుకలా చెప్పావు?"

"ఎలా చెప్పాను?"

"ఇంటికి డబ్బాలొచ్చాయని. నువ్వు మంచం మీద ఉన్నన్నాళ్ళూ రోజూ వచ్చి నీ గది ఊడ్చింది నేనే. మంచం కింద నీ చెప్పులూ, తాతగారి ట్రంకు పెట్టే తప్ప ఇంకేం లేవు."

"అయితే నా గది ఊడ్చినప్పుడు అవతలి మూలకి చీపురు పోనివ్వలేదన్న మాట. ఈ కాలం పిల్లలు..."

"నవ్వించకు మామ్మా. నవ్వలేను."

"నవ్వొద్దులే. ఏడువు. ఏడిస్తే తేలికపడుతుంది."

"ఏడుపు కూడా రావట్లేదు. పక్క మంచం మీద దుప్పటి మార్చేశారు. పొద్దున్నదాకా ఆ పాప అక్కడే ఉంది. గొంతులో పిల్లికూతలా ఒకటే మూలుగు. తర్వాత అది కూడా ఆగిపోయింది. వాళ్ళమ్మ పాపని తువ్వాలులో చుట్టి, తల పక్కకి వాలిపోకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పోయిన పిల్ల మెడకి కూడా చెయ్యి అడ్డం పెట్టింది మామ్మా."

"చూశానమ్మా."

"మా వాడు కూడా..."

"అనకు. ఆ మాట నోటితో అనకు."

"నేనే మామ్మా."

"ఏంటి నువ్వే?"

"ఆ చుక్క. నేనే పెట్టాను. నువ్వు పనిలోకి వెళ్ళడం మానేశాక కొట్లో చుక్కలున్న డబ్బాలు అయిపోయాయి. ఇంట్లో పొడి అడుగంటింది. వెళ్ళి చూస్తే అరల నిండా డబ్బాలే, ఒక్కదానికీ చుక్క లేదు. తిరగేసి తిరగేసి చూశాను. చుక్క పెట్టే మనిషే లేనప్పుడు మంచివాటికి మాత్రం చుక్క ఎక్కడినుంచి వస్తుంది? అన్నీ చెడ్డవే అయ్యుండవు, మంచివీ వీటిలోనే కలిసిపోయుంటాయి అనుకున్నా. అన్నిటికన్నా కొత్తగా మెరుస్తున్నది ఏరుకున్నాను. సొట్ట కూడా లేదు మామ్మా, చక్కగా ఉంది."

"ఊఁ."

"ఇంటికొచ్చాక అత్తయ్య ముందు డబ్బా తిరగేసి చూస్తుంది. చుక్క లేకపోతే మళ్ళీ మొదలు... నీకు పాలు లేవు, నీకు బుద్ధి లేదు, నీ పుట్టింటివాళ్ళు ఏం నేర్పారు... లోపల వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. గుమ్మం బయటే ఆగి, సంచిలో గోళ్ళరంగు ఉంటే... పెళ్ళిలో మా చెల్లెలు ఇచ్చింది... మూత తీసి ఒక్క చుక్క పెట్టాను. ఊది ఆరబెట్టాను. అంతే. అంతే మామ్మా నేను చేసింది. పాలు కలిపేటప్పుడు వాసన వచ్చింది. ఫారిన్ పాలు అలాగే ఉంటాయేమో అనుకున్నా. వాడు మొహం తిప్పుకున్నాడు. మొహం తిప్పుకున్నాడు మామ్మా, అత్తయ్యా నేనూ బుజ్జగించి తాగించాం."

"నాకు తెలుసే."

"ఏం తెలుసు?"

"మీ అత్త డబ్బా తిరగేసి చూపించగానే తెలిసింది. నేను అగ్గిపుల్ల మొనతో పెడతాను, మెరుపు లేని రంగు. ఇదేమో తళుక్కుమంటోంది. ఈ వీధిలో గోళ్ళకి మెరుపులు పూసుకునే వయసు ఎవరికుంది, నీకు తప్ప?"

"తెలిసే నాదేనన్నావా?"

"మరేమనమంటావు? మీ అత్త చెడ్డది కాదు, నోరే చెడ్డది. కానీ ఇలాంటిది తెలిస్తే మంచివాళ్ళు కూడా మారిపోతారు. నీ మొగుడు లారీ దిగి రాగానే మొదట ఈ మాటే వింటాడు. ఆ తర్వాత బాబు కోలుకున్నా సరే, జ్వరం వచ్చినప్పుడల్లా, జలుబు చేసినప్పుడల్లా ఇదే ఎత్తుతారు. బతుకంతా ఎత్తుతారు. నాకేముంది? నన్ను తిడితే నా చెవులకి సగమే వినిపిస్తుంది."

"వద్దు మామ్మా. నేను చెప్పేస్తా. ఆఫీసువాళ్ళు రాగానే చెప్పేస్తాను."

"చెప్పి? నీ చుక్క చూసి నవ్వులాయన డబ్బా అమ్మాడా? చెడిన పాలు చుక్క పెడితే చెడ్డాయా? నువ్వు చెప్పడం వల్ల ఆ కొట్టువాడికి తప్ప ఇంకెవరికీ లాభం లేదు. 'చూశారా, తల్లే మోసం చేసింది' అంటాడు, నవ్వుతూనే అంటాడు."

"అయితే మాత్రం! నిన్ను పట్టుకుపోతే?"

"పట్టుకుపోతే అక్కడైనా మెట్లు లేని గది ఇస్తారేమో చూడాలి."

"మామ్మా! నీకు దండం పెడతా. అదిగో, కింద నుంచి అత్తయ్య గొంతు వినిపిస్తోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. వచ్చేశారు వాళ్ళు."

"రానీ. నా కర్ర ఏది? అదిగో, నీ వెనకాల. ఇలా ఇయ్యి. కళ్ళు తుడుచుకుని నువ్వు లోపలికి వెళ్ళు. వాడి కాళ్ళు చల్లబడకుండా నీ అరచేతుల్లో పెట్టుకుని కూర్చో. పిల్లలకి తెలుస్తుంది, ఎవరు పట్టుకున్నారో."

"నేను వెళ్ళను. చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటానంటే చూస్తూ ఊరుకోనా? మాకు మంచి జరగాలనే కదా నువ్వు చుక్కలు పెట్టింది? మన వీధి పిల్లలెవరికీ ఏం కాకూడదనే కదా?"

"మన వీధికే పెట్టాను."

"అదే అంటున్నా, అందులో నీ తప్పేముంది?"

"పొద్దున ఆ పక్క మంచం పాప తల్లి వెళ్ళేముందు ఇదే బల్ల మీద నా పక్కన కూర్చుంది. ఎవరో ఏమో, మన వీధి కాదు. ఒళ్ళో పిల్ల. ఇంకో చేతిలో డబ్బా. 'పెద్దమ్మా, నాకు చదవడం రాదు, నేనేమైనా పాడైపోయింది పట్టానా, కాస్త డేటు చూసి చెప్పు' అని నా చేతిలో పెట్టింది. తిరగేశాను. చుక్క లేదు. డేటు వంకరగా పడింది, చివరి అంకె పక్కకి ఒరిగి, నా చెయ్యి వణికినప్పుడల్లా ఒరిగినట్టే. దానికి చుక్క పెట్టనిది నేనే, డేటు గుద్దిందీ నేనే. ఆ తల్లి నా మొహంలోకే చూస్తోంది. 'డేటు ఇంకా ఏడాది ఉందమ్మా, నీ తప్పేం లేదు' అని చెప్పి పంపించాను."