ఆదెమ్మ కోడలు నీళ్లోసుకుంది

ఆదెమ్మకి పొద్దున లేస్తే గాబు మీద మూత తీసి చూడ్డం, మళ్లీ మూసెయ్యడం, అదే పనంట. గాబంటే తెలుసుగా, పెరట్లో నీళ్లు నిలవబెట్టుకునే రాతితొట్టి. రాళ్లమిట్ట అని మెట్ట మీది ఊరది. పేరులోనే ఉంది గదా, యాడ తవ్వినా రాళ్లే గానీ చుక్క పడదు. ఊరంతటికీ ఒకటే మంచి బావి, అదీ దిగువన పొలాల్లో. ఎండాకాలం వొచ్చిందంటే ఆడోళ్లు కోడి కూయకముందే బిందెలెత్తుకోని పోవాల, ఊరే నీళ్ల కోసరం గట్టు మీద కూకోవాల, ముంతతో ముంచుకోవాల, నెత్తిన పెట్టుకోని ఆ మిట్ట ఎక్కాల. ఆదెమ్మ ఆ ఊరికి కోడలుగా వొచ్చిన కాడ్నించి అట్టా మోసీ మోసీ నడినెత్తిన ఎంటికలు రాలిపోయినాయనుకో. అందుకని ఆమె ఇంట్లో నీళ్లూ నెయ్యీ ఒకటే. మొహం కడిగిన నీళ్లు బీరపాదుకి పోవాల, బియ్యం కడిగిన నీళ్లు గేదెకి పోవాల. మొగుడు తిరపతయ్య చేలో నించొచ్చి కాళ్ల మీద కాసిని ఎక్కువ పోసుకుంటే, ఏందయ్యా, కాళ్లు నానబెడతన్నావా, అనేదంట. ఆయన మాటకి మాట చెప్పే మనిషి గాదు. నోరు మూసుకోని తడిగుడ్డతో తుడుచుకునేవాడు.

ఇట్టాంటి ఇంటికి కోడలుగా వొచ్చింది చెంచమ్మ. ఆ పిల్లది ఊటపాలెం. ఆడ వాళ్లకి మామిడితోట, తోటలో ఊటబావి, రోహిణికార్తెలో కూడా ఆ బావి ఎండదు. ఎద్దుల్ని కట్టి మోట తోలతా ఉంటే నీళ్లు దబదబా తొట్టిలో పడి చెట్ల కింద కాలవమ్మట పారేవి. చెంచమ్మ చిన్నప్పట్నించీ ఆ కాలవలోనే పెరిగిందనుకో. పొద్దున్నే ఒకమాటు మునిగేది, మజ్జానం ఒకమాటు మునిగేది, సందేళ ఒళ్లు చిమచిమలాడితే మళ్లీ మునిగేది. అట్టాంటి పిల్లకి ఈడ ఒంటికంతా ఒక చిన్న బిందె. అది కూడా అత్త చేత్తో ముంచి పెట్టిందే. పెళ్లయినాక అదే మొదటి ఎండాకాలం. ఒక్కమాటు ఊటపాలెం పోవాల, అమ్మ కాడ కూకోవాల, కాలవలో కాళ్లు పెట్టాల, ఇదే ఆ పిల్ల మనసులో. పుట్టింటోళ్లు ఉగాది అయినాకే అడిగిపంపినారు. ఆదెమ్మ ఏమన్నదంటే, పనులయినాక మేమే కబురు చేస్తాంలే అన్నది. పనులు అవుతాయా? వడియాలు పెట్టినాక పోదువులే అన్నది. అయి పెట్టేసరికి మిరపకాయలు ఊరెయ్యాలన్నది. అయి ఎండేసరికి ఆవకాయ ఎవురు కలుపుతారన్నది. అత్త పొమ్మనందే పోగూడదు, అత్త కబురు చెయ్యందే వాళ్లు రాగూడదు. చెంచమ్మకి ఏడుపొచ్చేదంట గానీ, ఏడిస్తే ఆ నీళ్లక్కూడా అత్త ఏమంటదో అని ఊరుకునేది.

మొగుడు మాలకొండయ్యకి చెప్పుకోగూడదా అంటారు మీరు. చెప్పుకుంది. ఆ మారాజు, మా అమ్మని అడుగు, అన్నాడు. ఇంక విషయానికొస్తా. ఒకరోజు ఏమైందంటే, రాత్రంతా ఉక్క. ఆకు కదల్లా. చెంచమ్మ ఒళ్లంతా చెమటకాయలు. తెల్లారగట్ల ఆదెమ్మ బిందె తీసుకోని బావికి పోయింది. చెంచమ్మ పెరట్లోకొచ్చింది, గాబు మీద మూత తీసింది, ఒక చెంబు నెత్తిన పోసుకుంది. హాయిగా ఉంది. ఇంకో చెంబు పోసుకుంది. ఇంక చెయ్యి ఆగలేదంట. కళ్లు మూసుకోని పోసుకుంటానే ఉంది, కళ్లు తెరిచేసరికి చెంబు గాబు అడుగున గీరుకుంటా ఉంది. అప్పుడు భయమేసి చీరె మార్చుకోని, ఏమెరగనట్టు మిద్దెక్కి మిరపకాయలు తిరగేస్తా కూకుంది.

ఆదెమ్మ వొచ్చింది. ఆ పూట అన్నానికి ఎసరు పెట్టాలని గాబు మూత తీసింది. చూసింది. అడుగు కనపడతా ఉంది. నిన్నంతా మోసిన నీళ్లు గదా అయి, నడుములు విరిగేట్టు మోసింది గదా. కోడల్ని తిడదామంటే మిద్దె మీద ఉంది, అరిస్తే ఊరంతా వింటది. వచ్చి వాకిట్లో అరుగు మీద కూలబడింది. సరిగ్గా అప్పుడే ఉప్పు గురవయ్య బండి వొచ్చింది. పచ్చళ్ల కాలం గదా, ఊరూరూ తిరిగి ఉప్పమ్ముకునేవాడు. మంచోడే గానీ, ఒక ఊళ్లో విన్న మాట ఇంకో ఊళ్లో చెప్పందే అన్నం సయించదు. ఏందక్కా, మొహం అట్టా పెట్టినావు అన్నాడు. ఏం చెప్పమంటావు గురవయ్యా, మా కోడలు నీళ్లోసుకుంది, అన్నది ఆదెమ్మ.

ఆమె అనాల్సింది నీళ్లు పోసుకుంది అని. కోపంలో ఆ 'పో' మింగేసింది. మనూళ్లల్లో నీళ్లోసుకుంది అంటే ఏంది? ఆ, అదే. నెల తప్పిందని. నవ్వబాకండే, ముందు వినండి. గురవయ్య మొహం వికసించింది. మంచిమాట చెప్పినావక్కా, మరి దానికి దిగులెందుకు అన్నాడు. మంచిమాటంట, నీకేమయ్యా, మోసేదానికి తెలస్తది బరువు, అన్నదామె. మోసేది ఆ పిల్ల గదక్కా, నువ్వు గాదు గదా, అన్నాడు. ఆ పిల్ల ఏం మోస్తది, సగం దోవలో కూలబడతది, ఆకరికి నేనే మొయ్యాల, అన్నది. గురవయ్యకి బుర్ర తిరిగింది. ఎండకి ఈమెకి ఏమన్నా అయిందేమో అనుకున్నాడు. పోనీలే అక్కా, ఇంతకీ పుట్టింటోళ్లకి తెలుసా అన్నాడు. తెలవకుండా ఎట్టుంటది, వాళ్లు నేర్పిన పనే గదా ఇది, అన్నది ఆదెమ్మ. పాపం ఆ మనిషి సిగ్గుపడి ఎద్దుల తట్టు తిరిగి పలుపు సవరించుకున్నాడంట. ఆమె ఇంకా ఊరుకోలా. నువ్వెట్టాగూ ఊటపాలెం మీదనే పోతావుగా, మీ కూతురు నీళ్లోసుకుందని చెప్పు, వాళ్లనే వొచ్చి చూసుకోమను, అన్నది. ఉప్పు కొలిపించుకోని లోపలికి పోయింది. చూసినారా, కబురు ఆమే పంపింది. ఇంకొకర్ని అనడానికేం లేదు.

గురవయ్య బండి ఊటపాలెం చేరింది. చెంచమ్మ తల్లి బసవమ్మ వాకిట్లో మామిడితాండ్ర చాపలు ఎండబెడతా ఉంది. ఈ మాట చెవిన పడగానే తాండ్ర తాండ్ర కాడే ఉండిపోయింది, ఈగలు ముసిరినా పట్టించుకోలా. మర్నాడు ఎండెక్కేసరికి రాళ్లమిట్టలో బండి ఆగింది. బసవమ్మ, ఆమె మొగుడు ఓబయ్య. బండి నిండా గంపలు. ఒక గంపలో మామిడిపండ్లు, ఒక గంపలో సున్నుండలు, ఇత్తడి గిన్నె నిండా చలిమిడి. పుట్టింటోళ్లు చలిమిడి పెడితే కడుపు చలవ గదా. మిద్దె మీంచి చెంచమ్మ చూసింది. నన్ను తీసకపోను వొచ్చినారు అనుకుంది. ఆ పిల్ల సంతోషం చెప్పనలివి గాదు, నిచ్చెన మెట్లు దాటేసి దూకినంత పని చేసింది. బసవమ్మ గుండె పట్టుకుంది. తల్లే, నిమ్మళంగా దిగు, ఎండలో మిద్దె మీద నీకేం పని, అని చెయ్యి పట్టుకోని నీడకి తీసకొచ్చింది. కిందా పైనా చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. చెంచమ్మకి ఏమీ అర్తం గాలా.

ఆదెమ్మకి ఇంకో రకంగా అర్తమైంది. నిన్న కోపంలో అన్న మాట గురవయ్య మోసినాడు, పాపం వీళ్లు బతిమాలుకునేదానికి గంపలెత్తుకోని వొచ్చినారు అనుకుంది. అనుకోని సిగ్గుపడింది. వదినా, ఏదో నోరుజారి అన్నాలే, చిన్నపిల్ల, నీళ్లోసుకుంటే ఏమైంది, మనం ఆ వయసు దాటొచ్చిన వాళ్లమే గదా, అన్నది. బసవమ్మ, నోరుజారడమేంది వదినా, ఇంత చల్లని కబురు పంపినావు, నీ నోట్లో చక్కెర పొయ్యాల, ఇంతకీ ఎన్నో నెల, అన్నది. నెలేంది, అన్నది ఆదెమ్మ. అన్నాక, చలిమిడి గిన్నె కనపడింది. ఆమె చూపు గిన్నె మీంచి కోడలి మీదకి పోయింది. అయితే నిజంగానే నీళ్లోసుకుందా ఈ పిల్ల, నాకు చెప్పకుండా తల్లికి చెప్పిందా, అనుకుంది. పైకి మూతి ముడుచుకుంది గానీ లోపల కరిగిపోయింది. గబగబా లోపలికి పోయి, కొత్తకుండ నిండా మంచినీళ్లు తెచ్చి కోడలి ముందు పెట్టింది. చెంబు గాదు, ముంత గాదు, కుండ. తాగమ్మా, కావాల్సినన్ని తాగు, అన్నది. అప్పుడే మాలకొండయ్య గూడా వొచ్చినాడు. దోవలో ఎవురో చెప్పినారంట, మొహం చేటంత చేసుకోని వాకిట్లో నిలబడినాడు. పెళ్లాం తట్టు చూసి, నాకొక్క మాట చెప్పగూడదా, అన్నాడు.

అప్పుడు తెలిసింది చెంచమ్మకి. అమ్మ అంటన్నది, తొలిచూలు, ఈ ఎండలు, మేం తీసకపోతాం వదినా. అత్త అంటన్నది, తీసకపోండి, ఈ మిట్ట మీద ఉంచబాకండి. రెండు నెలలబట్టి ఆ పిల్ల ఎదురుచూసిన మాట అది. ఊరికే తలొంచుకోని బండెక్కితే చాలు. కాలవ, మామిడిచెట్లు, అమ్మ పక్కన పడక, అన్నీ దొరుకుతాయి. తర్వాత ఏదో ఒకటి చెప్పొచ్చు. మీరయితే ఏం చేస్తారే? నేనయితే ఎక్కేసేదాన్ని. చెంచమ్మ కూడా చీరె చెంగు దోపుకుంది. గానీ ఆ కుండ తట్టు చూసింది, అత్త మొహం చూసింది, మొగుడి నవ్వు చూసింది. అబద్ధం మీద ఇంత సంబరం పెట్టి ఎట్టా పోయేది? అమ్మా, నేను నీళ్లోసుకోలా, అన్నది. అందరూ చూసినారు. నేను నీళ్లు పోసుకున్నా. గాబులోయి. మొత్తం పోసుకున్నా.

మాలకొండయ్య నవ్వు మెల్లిగా దిగిపోయింది. ఆదెమ్మ కోపంగా, ఆ గురవయ్య మళ్లా రానీ, వాడి ఉప్పులో వాడ్నే ఊరేస్తా, అన్నది. అప్పుడు తిరపతయ్య, ఏనాడూ ఎదురు మాట్లాడని మనిషి, వాడ్నెందుకే ఊరెయ్యడం, నువ్వు చెప్పమన్నదే గదా చెప్పినాడు, అన్నాడు. ఓబయ్య కండువా నోటికడ్డం పెట్టుకున్నాడు. ఆదెమ్మ పమిట మొహానికి కప్పుకోని గోడ తట్టు తిరిగింది. ఏడస్తందనుకున్నారు. భుజాలు కదలతన్నాయి. చూస్తే నవ్వుతా ఉంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకోని, వదినా, నా కోడలు నోరు మూసుకోనుంటే సుకంగా బండెక్కేది, నిజం చెప్పిన పిల్లని పంపకపోతే నేను మనిషినేనా, తీసకపో, అన్నది. మరి ఆవకాయ అత్తా, అన్నది చెంచమ్మ. నీ మొగుడున్నాడు గదా, కాయలు కొడతాడులే, అన్నది.

అట్టా పోయింది చెంచమ్మ. పోయి కాలవలో పడింది. ఈడ ఇంట్లో తోచక ఆదెమ్మ పచ్చడి జాడీలు కట్టేసి, ఆకాశంలో మబ్బులు కనపడగానే కోడల్ని తీసకొస్తానని బయల్దేరింది. ఊటపాలెం చేరేసరికి ఎండ నెత్తిన ఉంది. అత్తా, కాళ్లు కడుక్కుందువు రా, అని చెంచమ్మ తోటలోకి తీసకపోయింది. ఓబయ్య మోట తోలతన్నాడు. నీళ్లు చూసి ఆదెమ్మ అట్టానే నిలబడిపోయింది. ఇయన్నీ ఎవురియ్యి, అన్నదంట, పిచ్చిదాని మాదిరి. ఎవురియ్యేందత్తా, దిగు, అన్నది కోడలు. ముందు అరికాళ్లు పెట్టింది. తర్వాత మోకాళ్ల దాకా పెట్టింది. తర్వాత చీరెతోనే కాలవలో కూకుంది. చెంచమ్మ చెంబుతో నెత్తిన పోస్తా ఉంది, ఒక చెంబు, ఇంకో చెంబు, ఆ ఎంటికలు రాలిన నడినెత్తి మీద. చాల్లేవే, అనలేదామె. పెళ్లయి ఆ మిట్టెక్కినాక ఒళ్లంతా తడవడం ఇదే మొదలే అమ్మాయ్, అన్నది. చెంచమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. గాబు ఖాళీ చేసినందుకు అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.

ఇంక ఆదెమ్మ లేస్తే గదా. ఆ పూటకి ఉంటానన్నది. మర్నాడు, రేపు పోదాంలే అన్నది. రాళ్లమిట్టలో తండ్రీకొడుకులు బిందెలెత్తుకోని మిట్టెక్కుతా, ఎప్పుడొస్తారని కబురు మీద కబురు. ఆదెమ్మ ఏమని చెప్పిపంపిందంటే, పనులయినాక వొస్తాంలే అనిందంట. అత్త పోయి కోడల్ని తీసకరావడం అన్ని ఊళ్లల్లో ఉండేదే. ఈడ కోడలు అత్తని బతిమాలి, చెయ్యిపట్టుకోని లేపి, బండెక్కించి ఇంటికి తీసకపోయింది. నన్నడిగితే తొందరపడింది. ఇంకో నాలుగు రోజులు ఉంచాల్సింది ఆ ముసల్దాన్ని.