మామగారి పేరు

ఏడు తరాల పేర్లా? రాసుకో మరి. మీ నాన్న పేరు నీకు తెలుసు. మీ తాత పేరు పక్కింట్లో అడుగు, నా నోటితో నేను చెప్పను. ఆయన తండ్రి పేరా? అమ్మో, అది అసలే చెప్పను! నవ్వకే బేగిమాయ్. కోడలు అత్తింటి మగాళ్ళ పేర్లు పలక్కూడదు, అంతే. మా బావగారి పేరుకి గొడ్డలి అని అర్థం. కట్టెలు కొట్టడానికి వెళ్ళినప్పుడల్లా "ఆ నరికేది ఇటివ్వండి" అనేదాన్ని. మా అత్త మురిసిపోయేది.

ఏంటి, ఆ ఫోన్లో ఏంటి చూస్తున్నావ్? లోకంలో మనుషుల్ని ఎక్కువగా చంపే ప్రమాదాలా? భూకంపం, తుఫాను, సముద్రం పొంగడం... మన కొండల్లోంచి కొట్టుకొచ్చే బురద లేదూ? లేదా! రాసినవాడు ఎప్పుడూ కొండకింద కాపురం చెయ్యలేదులే. చాయ్ పొయ్యి, ఇంకొంచెం. రొట్టె తుంచుకో, ఊరికే తాగకు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, కాపురానికొచ్చి మూడు నెలలు. మిట్టమధ్యాహ్నం, మండే ఎండ, ఏటి ఒడ్డున ఉన్ని ఉతుకుతున్నా. చూస్తూ ఉండగానే ఏట్లో నీళ్ళు తగ్గిపోయాయి. చప్పుడు కూడా ఆగిపోయింది. రాళ్ళమధ్య చేపలు గిలగిలా కొట్టుకుంటున్నాయి. ఇంకేముంది, ఊరు ఊరంతా బకెట్లు పట్టుకుని ఏట్లోకి దిగింది! మా మామగారైతే చొక్కా విప్పి, దాంట్లోనే చేపల్ని మూట కడుతున్నాడు. మా అమ్మ పైకొండ ఊరిది. "ఏరు ఊరికే నోరు మూసుకోదే. పైనెక్కడో బురద అడ్డం పడి ఉంటుంది, తెగిందంటే ఒక్కసారిగా వస్తుంది. పరుగెత్తు" అనేది. నాకు గాల్లో పచ్చిమట్టి వాసన తగిలింది.

"రండి, పైకి రండి, బురదొస్తోంది!" అని అరిచా. ఎవరు వింటారు? ఆకాశంలో మబ్బు తునక లేదు. "కొత్త కోడలు కదా, జడుసుకుంది" అని నవ్వారు. మామగారిని పేరుతో పిలవకూడదు కదా, "తెల్లగడ్డం పెద్దాయనా!" అన్నా. అక్కడున్న ఆరుగురివీ తెల్లగడ్డాలే, ఒక్కడూ తలెత్తలేదు. ఈలోగా కొండమలుపు దగ్గర లారీలు వస్తున్నట్టు గుర్రుమని చప్పుడు. మామగారు వంగి చేపలేరుకుంటూనే ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఆయన పేరు పెట్టి పిలిచాను తల్లీ! గొంతు చించుకుని!

ఏట్లో అందరూ కొయ్యబారిపోయారు. మామగారి మొహం కందగడ్డ అయిపోయింది. "ఏ కొంపలో పెరిగిందిరా ఇది! నాలుక కోసేస్తా!" అంటూ మూట అక్కడే పారేసి ఒడ్డెక్కాడు. ఆయన నన్ను కొడతాడా, పుట్టింటికి తరిమేస్తాడా అని చూడ్డానికి ఊరంతా ఆయన వెనకే ఎక్కింది. అలాంటి తమాషా ఎవరు వదులుకుంటారు చెప్పు? ఆయన చెయ్యెత్తాడు. అప్పుడే వెనకాల బురద వచ్చింది. ఇళ్ళంత బండరాళ్ళు దొర్లుకుంటూ పోయాయి. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది పాపం. మా ఊళ్ళో పోయింది ఒక్క గాడిదే. కింది ఊళ్ళో పదకొండుమంది. వాళ్ళూ చేపలకే దిగారు.

ఆ తర్వాత ఆయన ఆ మాటే ఎత్తలేదు. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. కాకపోతే వేటపోతును కోసిన రోజు మంచి ముక్క నా పళ్ళెంలో పెట్టేవాడు, అత్త చూడకుండా.

పదకొండేళ్ళకి మంచాన పడ్డాడు. పోయే రోజు పొద్దున్న నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ రోజు పిలిచావే, అలా ఒక్కసారి పిలువు" అన్నాడు. గది నిండా మనుషులు. సిగ్గుపడి తల దించుకున్నా. పిలవలేదే. పిలిచుంటే, నన్ను తిట్టడానికైనా మళ్ళీ లేచొచ్చేవాడేమో...

కాసిమాలి.

రాశావా ఆయన పేరు? సరే, ఆ కిటికీ వెయ్యి, చలిగాలి కొడుతోంది.