రికార్డుకి రెండో వైపు

1953. షికాగో దక్షిణ వాడ. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి వంటగదిలో ఇద్దరే మిగిలారు, పాస్టరమ్మగారూ, పాటల బృందం క్వయర్‌లో కొత్తగా చేరిన అమ్మాయీ. కొత్తామె గిన్నెలు తోముతోంది.

“పొద్దున నీ పాట విన్నానమ్మాయ్. పియానో ముందు పోతుంటే నువ్వు తీరిగ్గా వెనకాల వచ్చావు.”

“తప్పయిపోయిందండీ. వచ్చే వారం సరిగ్గా అందుకుంటాను.”

“చర్చిలో పెరిగిన పిల్లలకి ఆ ఆలస్యం రాదు. ఎక్కడ నేర్చుకున్నావు?”

“మా ఊళ్ళోనండీ, మెంఫిస్‌లో.”

“మెంఫిస్‌లో ఏ క్లబ్బులో?”

చేతిలో గిన్నె జారి నీళ్ళలో పడింది.

“వేరే పేరుతో పాడానండీ. ఒక్కటే రికార్డు. అదీ ఎవరూ కొనలేదు.”

“ఆ రికార్డు మీద లూలా స్టార్క్స్ అని పేరు వేయించుకున్నావు. క్లబ్బుల్లో పాడే ఆ బ్లూస్ అంటే సైతాను పాటలని మనవాళ్ళు మండిపడతారని తెలుసా?”

“తెలుసండీ. నా పేరు కొట్టేయండి. క్వయర్ గౌను ఇచ్చేసి వెళ్ళిపోతాను.”

“వెళ్ళిపోతే ఈ పెనం ఎవరు తోముతారు? ఆ రికార్డు మా ఇంట్లో పరుపు కింద ఉంది. మొదటి వైపు వినీ వినీ నేనే అరగదీశాను.”

“అమ్మో! పాస్టరుగారికి తెలిస్తే?”

“తెలియకేం? రెండో వైపు అరగదీసింది ఆయనే.”

అమ్మయ్య అనుకుని ఆమె సబ్బు చేతులతోనే మొహం కప్పుకుని నవ్వింది.

“నవ్వింది చాలు. వచ్చే ఆదివారం కూడా అలాగే ఆలస్యంగా రా. పియానో ఆయన్ని ఆగమంటాను.”