ఇసక వంట

సవాయీ దీవిలో, వాకిట్లో మొగలాకు చాప అల్లుతున్న అత్త దగ్గరికి కోడలు విసురుగా వచ్చింది.

“లాంగికి ఏం నూరిపోశారు అత్తయ్యా? నేను పక్కన కూర్చోగానే ఆట ఆపేసింది.”

“ఆపదా మరి? కొబ్బరిచిప్పలో ఇసక పోసి అది వంట చేసుకుంటుంటే, ఇదేం రంగు, అవెన్ని అని పంతులమ్మలా తగులుకున్నావు.”

“మూడేళ్ళ పిల్లకి మాటలు రావద్దా?”

“నాతో వాగుతూనే ఉంటుంది. నువ్వొస్తే మాత్రం పాస్టరుగారొచ్చినట్టు చిప్పలు బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చుంటోంది. చూడలేక చస్తున్నాను.”

“తల్లిని నేను. దాంతో ఆడుకోకూడదా?”

“ఆడుకో. నోరు మూసుకుని అది వండింది తిను.”

“తిన్నాక ఏమడగాలి?”

అత్త చాప పక్కకు నెట్టేసింది.

“అడక్కుండా ఉండలేవు కదూ. ఇంకాస్త పెట్టమని అడుగు.”