హాలు చూపించొద్దన్నారు

మేడమ్, నా పేరు గొర్లె తవిటినాయుడు. పదిహేడేళ్ళు. ఏడో తరగతిలో మానేసేను. మాది శ్రీకాకుళం వైపు. ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో సదాశివరావు అంకుల్ విల్లాలో వెనక రూములో అమ్మా నేనూ ఉంటాం. అమ్మ అప్పలనర్సమ్మ వంట చేస్తాది. నేను మొక్కలకి నీళ్ళు పోస్తాను, గోడలకున్న పెయింటింగు బొమ్మల మీద దుమ్ము దులుపుతాను. మీ ఎదర నోరు పెగల్లేదు. టైప్ చేసి పంపమన్నారు కదా, పోలీస్ స్టేషను బెంచీ మీద కూచుని పంపుతున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అంకుల్ జూన్ నుంచి యూరప్‌లో తిరుగుతున్నారు. ఇంటి నిండా ఆయన కొన్న బొమ్మలే. చాలావరకు భరద్వాజ్ సార్ అమ్మినవి. ఢిల్లీలో పెయింటింగులమ్మే షాపు ఆయనది. ఇద్దరూ ఒరేయ్ అంటే ఒరేయ్. సార్ ఇక్కడ్నించి ఆవకాయ కొరియర్ చేస్తే, అంకుల్ అక్కడ్నించి మ్యూజియం ఫొటోలు పెడతారు.

ఆదివారం పొద్దున్న అంకుల్ వీడియో కాల్ చేస్తారు. నేను ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి ఒక్కో బొమ్మా చూపించాలి. ముందు హాల్లో బొమ్మ. ఒకావిడ గుమ్మంలో కూచుని పిల్లకి పేలు చూస్తుంటాది. "దగ్గరికెళ్ళరా, ఇంకా దగ్గరికి" అంటారు. అదంటే ప్రాణం. ఎప్పుడూ దాంతోనే మొదలు.

మొన్న గురువారం మధ్యాహ్నం అమ్మ కూరలకి వెళ్ళింది. భరద్వాజ్ సార్ ఇద్దరు మనుషుల్తో వేన్ వేసుకొచ్చేరు. "ఏం తవిటీ, నోట్లో నాలుక మొలిచిందా?" అని నవ్వేరు. ఆయనెప్పుడూ అంతే. ఫ్రేము మార్చాలని హాల్లో బొమ్మ దింపించేరు. అంకుల్‌కి ఫోన్ చేస్తానన్నాను. "అక్కర్లేదు, లైన్లోనే ఉన్నాడు" అని తన ఫోన్‌లో "ఒరేయ్ సదా, ఇన్సూరెన్స్ సంగతి నేను చూసుకుంటాగా, నువ్వు హాయిగా తిరుగు" అన్నారు. అవతలి గొంతు నాకు వినపళ్ళేదు. కానీ సదా అని ఆయన ఇంకెవర్నీ అనరు.

అమ్మ వచ్చి ఖాళీ గోడ చూసి "ఏదిరా?" అంది. ఫ్రేముకి తీసుకెళ్ళేరన్నాను.

ఆదివారం అంకుల్ కాల్ చేసేరు. నేను హాల్లోకి వెళ్ళబోతే "హాలు వద్దులేరా, మేడ మీద చూపించు" అన్నారు. ఎందుకని అడగలేదు. నేనెవర్నీ ఏటీ అడగను మేడమ్.

నిన్న అంకుల్ పారిస్ నుంచి మీకు బొమ్మ పోయిందని కంప్లైంట్ పెట్టేరు. తాళాలు వంటమనిషి దగ్గరే అన్నారంట. భరద్వాజ్ సారేమో తను నెల నుంచి ఆ ఇంటికే రాలేదన్నారంట. ఆ డీలర్‌తో పెద్ద పరిచయం లేదని అంకుల్ అన్నట్టు మీరే చెప్పేరు. పరిచయం లేనోళ్ళకి ఎవరైనా ఆవకాయ పంపుతారా?

బొమ్మ అక్కడ లేదని తెలీకపోతే హాలు వద్దని ఎలా అన్నారు? పొద్దున్నించి ఇదే అనుకుంటున్నాను. హాలు వద్దన్నారు. ఆయనే వద్దన్నారు.

అమ్మని చపాతీలు చేస్తుంటే మీవాళ్ళు స్టేషనుకి తీసుకొచ్చేసేరు. కొంగుకి పిండి అలాగే ఉంది. ఇందాక ఇక్కడ తలుపు సందులోంచి చూసేను.

ఇదంతా నేను చూసింది, నా చెవుల్తో విన్నది. పక్కనుండి ఎవరూ చెప్పించలేదు. నేను చెప్పిన ఫ్రేము మాట తప్ప అమ్మకి ఏటీ తెలీదు, ఇంటికి పంపండి. ప్రింటు తీస్తే సంతకం పెడతాను, వేలిముద్ర కావాలన్నా వేస్తాను.

ఇది టైప్ చేస్తుంటే అంకుల్ రెండుసార్లు కాల్ చేసేరు. ఎత్తలేదు. "అమ్మ గురించి బెంగపడకు, నేను చూసుకుంటా. నువ్వు మాత్రం ఏం మాట్లాడకు, నీకెలాగూ అలవాటేగా" అని మెసేజ్ పెట్టేరు. ఫోన్ తెచ్చి మీ చేతికిస్తున్నాను. మళ్ళీ మోగితే మీరెత్తండి.

గొర్లె తవిటినాయుడు